కిటికీ వద్దు, అప్పు చూడు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. ఫ్రాన్స్ యువరాజులు వాడుకున్న 'దొఫాన్' బిరుదు మీద తెలుగులో రాయబూనడం మంచి పనే. కానీ మూడో పేజీలో తండ్రి చేతుల్లోంచి పసివాడు కిటికీ కిందకు జారిపోయే దృశ్యం చదివి ఒళ్లు మండింది. గ్రెనోబుల్ చుట్టుపక్కల దొఫినే రాజ్యాన్ని ఏలిన రెండో హంబర్ట్ ఒక్కగానొక్క కొడుకు ఆంద్రే 1335లో పోయాడు, నిజమే. కిటికీ మాత్రం తర్వాత జనం చెప్పుకున్న కథ. నువ్వేమో పక్కన నిలబడి చూసినట్టు రాశావు. పైగా వాన కూడా కురిపించావు!

ఆ రాజ్యం చేతులు మారిందంటే కారణం కన్నీళ్లొక్కటే కాదు, అప్పులు. బిరుదు గురించి రాసేవాళ్లు ముందు బాకీల చిట్టా వెతకాలని ముప్పై ఏళ్లుగా మొత్తుకుంటున్నాను. హంబర్ట్ చేతికి ఎముక లేని మనిషి. 1339లో గ్రెనోబుల్‌లో యూనివర్సిటీ పెట్టాడు, అదే ఏడు తన రాజ్యాన్ని అవిన్యోన్‌లో ఉన్న పోపుకు అమ్మజూపాడు. కోటలూ రాబడులూ లెక్కకట్టారు గానీ బేరం కుదరలేదు. 1343లో ఫ్రాన్స్ రాజు ఆరో ఫిలిప్‌తో ఒప్పందం రాసుకున్నాడు. ఆ తర్వాత ఇప్పటి టర్కీలో ఉన్న స్మిర్నా యుద్ధానికి వెళ్లి ఇంకా చితికిపోయాడు, ఆ ప్రయాణంలోనే భార్య పోయింది. చివరికి 1349లో రోమాన్ అనే ఊళ్లో సంతకం పెట్టి, రాజుగారి మనవడు చార్లెస్‌కు అంతా అప్పగించి, తను డొమినికన్ సన్యాసుల్లో కలిశాడు. చార్లెస్‌కు అప్పుడు పదకొండేళ్లు. ఇంత ఉండగా వాన ఎందుకమ్మా?

నా మొదటి వ్యాసం ఒక జమీందారీ వేలం మీద. వారపత్రిక ఎడిటర్ గారు "అప్పులెవరు చదువుతారండీ, రాణిగారి వ్యవహారం ఏదైనా ఉందా?" అన్నారు. బాకీల పేరాలన్నీ కొట్టేసి, నేను రాయని వెన్నెల రాత్రి ఒకటి చేర్చి అచ్చేశారు. మనియార్డరు కోసం మూడు నెలలు పోస్ట్‌మ్యాన్‌కు ఎదురెళ్లాను. రాలేదు. ఆ వెన్నెలంటే ఇప్పటికీ నాకు మంట.

ఇంకో తప్పు. 'ఫ్రాన్స్‌లో పుట్టిన బిరుదు' అన్నావు. అప్పటికి ఆ నేల పవిత్ర రోమన్ సామ్రాజ్యం కిందిది. 1142లో చనిపోయిన ఆల్బోన్ కౌంట్ నాలుగో గీగ్‌ను 'డాల్ఫిన్' అని, అంటే ఫ్రెంచిలో 'దొఫాన్' అని, పిలిచేవారు. ఆ పేరే వంశానికి అంటుకుంది, తర్వాత హోదా అయింది, చేప జెండా ఎక్కింది. ఫ్రాన్స్ యువరాజులకు అది కొనుక్కున్న పేరు.

ఆ యువరాజులందరికీ తలా రెండు లైన్లు పంచావు, పంక్తి భోజనంలో వడ్డించినట్టు. తర్వాత పదకొండో లూయీ అయినవాడు 1447 నుంచి దొఫినేలోనే ఉండి నిజంగా పాలించాడు. 1453లో గ్రెనోబుల్‌లో ఉన్నత న్యాయస్థానం పెట్టాడు, 1456లో తండ్రికి భయపడి బర్గండీకి పారిపోయాడు. అతనికి నాలుగు పేజీలు ఇవ్వు. 1830 దాకా వచ్చిన మిగతావాళ్లలో చాలామందికి ఒక్క లైను ఎక్కువ.

1711 ఏప్రిల్, 1712 ఫిబ్రవరి, 1712 మార్చి. తండ్రి, కొడుకు, మనవడు, ముగ్గురు దొఫాన్‌లు పోయిన తేదీలు. ఆ మూడు తేదీలనూ ఏ విశేషణమూ లేకుండా వరసగా పెట్టి ఊరుకున్నావు చూడు, అక్కడ కాసేపు కాగితం పక్కన పెట్టేశాను.

కలం పేరు సంగతి తర్వాత చూద్దాం. మూడో పేజీ వెనక్కి పంపుతున్నాను. కిటికీ దగ్గర పెన్సిల్ గీత ఉంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు