జెల్లీ చేపల చదువుకు సముద్రం పక్కనే ఉండాలా?

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ అయిపోయింది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. లాంగ్ టర్మ్‌లో చేర్పిస్తామంటే వద్దంటోంది. జెల్లీ చేపలు, పగడాల మీద చదువుతుందట. సముద్రం చూసిందే ఒక్కసారి! బీఎఫ్ఎస్సీ మేలా, బీఎస్సీ చేసి మెరైన్ బయాలజీకి వెళ్లడం మేలా? చుట్టాలు అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. - ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీ అసలు బాధ ఆ చివరి వాక్యంలో ఉందండీ. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి, కోర్సు పేరొక్కటే మారుతుంది. చుట్టాలకు 'జువాలజీ చదువుతోంది' అని చెప్పండి, సరిపోతుంది. లాంగ్ టర్మ్ ఎందుకు వద్దంటోందో అమ్మాయిని కూర్చోబెట్టి ఒక్కసారైనా అడిగారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు.

బీఎఫ్ఎస్సీ అంటే చేపలు, రొయ్యల పెంపకం, మేత, జబ్బులు. పెబ్బేరు, ముత్తుకూరుల్లో కాలేజీలున్నాయి. ఉద్యోగం త్వరగా దొరికే దారి ఇదే. కాకపోతే అక్కడ జెల్లీ చేప కనిపించేది వలలు పాడుచేసే శత్రువుగానే. రెండో దారిలో డిగ్రీ తర్వాత విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం)లో పాండిచ్చేరి యూనివర్సిటీ క్యాంపస్ ఉంది. పీహెచ్‌డీ దాకా వెళ్లాలి, అంటే పదేళ్ల మాట. లాంగ్ టర్మ్, ఎంబీబీఎస్, పీజీ కలిపినా ఇంచుమించు అంతే కదా, దానికి లేని టెన్షన్ దీనికెందుకు?

నాకు భయమేసేది వేరే చోట. స్కూబా డ్రెస్సులో ఫొటో, పగడాలు నాటే కోర్సు, చివర్లో ఒక సర్టిఫికెట్. ఇప్పుడు ఇదో ఫ్యాషన్. నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయి అప్పు చేసి మరీ వెళ్లొచ్చాడు. పగడం ఎందుకు తెల్లబడుతుందని అడిగితే 'పొల్యూషన్ సార్' అన్నాడు. పగడం ఒక జంతువు. దాని ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన ఆల్గే దానికి చాలావరకు తిండి పెడుతుంది. నీళ్లు మామూలు ఎండాకాలపు వేడి కన్నా ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే ఆ ఆల్గేను బయటికి గెంటేసి తెల్లబడుతుంది. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016, 2024లో జరిగింది ఇదే. నీళ్లు కాగుతుంటే మనం నాటిన ముక్కను ఎవరు కాపాడతారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని కోర్సుకు మాత్రం డబ్బు కట్టకండి. ఆ వేడిని ఉపగ్రహాలతో గమనించి పగడాల గురించి ముందే హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉన్నది హైదరాబాద్‌లో. మీకు సముద్రం కన్నా దగ్గర.

'జెల్లీ చేపలో ఏముంది' అనే చుట్టం కూడా ఉంటాడు. ఒక జెల్లీ చేపలో దొరికిన ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్‌కు 2008లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చిందని చెప్పండి. కణం లోపల ఏం జరుగుతోందో చూడటానికి ఇప్పుడు ల్యాబుల్లో వాడేది దాన్నే.

ఇక అమ్మాయి ఇష్టం నిజమైనదా, వీడియోల మోజా? దానికి సముద్రం అక్కర్లేదు. ఇంటర్ జువాలజీలో నిడేరియా అని చదివింది కదా, అందులోని హైడ్రా అనే చిన్న జీవి మంచినీటి చెరువుల్లోనే ఉంటుంది. జెల్లీ చేపకు, పగడానికి దగ్గరి చుట్టం. కెమికల్స్ కలవని చెరువు నుంచి గుప్పెడు నీటి మొక్కలు తెచ్చి, ఆ చెరువు నీళ్లతోనే గాజు సీసాలో వేసి కిటికీ దగ్గర పెట్టమనండి. మర్నాడు భూతద్దంతో చూస్తే గాజుకు అతుక్కుని, సెంటీమీటరు కూడా లేని దారప్పోగులా వేలాడుతుంది. చివర సన్నటి చేతులు. గంతులేసే నీటి పురుగు వాటికి తగలగానే కుట్టే కణాలు పేలతాయి, పురుగు ఆగిపోతుంది. అలా పేలడానికి పట్టేది సెకనులో పదిలక్షో వంతు కన్నా తక్కువ. పుణేలోని అఘార్కర్ సంస్థలో ఈ హైడ్రా మీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది.

మొదటి సీసాలో ఏమీ దొరక్కపోవచ్చు. నాలుగోసారి కూడా చెరువుకు బయల్దేరితే ఫీజుల సంగతి మాట్లాడుకుందాం, మళ్లీ రాయండి. ఈలోగా ఆ సీసాలో ఎవరినీ నల్లా నీళ్లు పోయనివ్వకండి, క్లోరిన్‌కు హైడ్రాలు చచ్చిపోతాయి.