ముందు మీటరు, తర్వాతే స్కానరు

ప్రశ్న: సార్, మాది తాడిపత్రి. సిమెంటు లారీ తోలుతాను. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు, మార్కులు అంతంత మాత్రమే. పరీక్షలైనప్పటి నుంచి గుత్తి రోడ్డులో మా బావమరిది ఆటో ఎలక్ట్రికల్ షాపుకు పోతున్నాడు. వాడికి ఆ పని ఇష్టమే. కానీ మా బావమరిదే ‘ఇప్పటి బండ్లన్నీ కంప్యూటర్లు, ఈ పని నాతోనే ఆఖరు’ అంటున్నాడు. సిటీలో ఒక సెంటర్ వాళ్లు 45 రోజుల్లో ఈసీఎం, అదే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె, రిపేరు నేర్పిస్తాం, 70 వేలు కట్టండి అన్నారు. కట్టమంటారా? లేదంటే ఎక్కడో ఒకచోట బీటెక్‌లో వేసేయమంటారా?

జవాబు: 70 వేలు ఇప్పుడు కట్టొద్దు. బీటెక్ సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

మీ బావమరిది మాటలో నిజం లేకపోలేదు. 2020 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నీ బీఎస్6 (పొగ తగ్గించే ప్రమాణం) అయ్యాయి. బైకులకు కూడా కార్బురేటర్ పోయి ఇంజెక్టర్, సెన్సర్లు, వాటిని నడిపే ఈసీఎం పెట్టె వచ్చాయి. అయితే షాపుకు వచ్చే బండ్లలో పెట్టె పోయినవి తక్కువ. పెట్టె దాకా వెళ్లే వైరో, తుప్పు పట్టిన కనెక్టరో, వదులైన ఎర్తో కారణమైనవే ఎక్కువ. ఆ తేడా పట్టుకోవడం రానివాడు 45 రోజుల్లో బోర్డు మీద సోల్డరింగ్ నేర్చుకొచ్చి ఏం చేస్తాడు? బాగున్న పెట్టెను విప్పుతాడు.

నా సొంత కారు సంగతే చెబుతాను. అనంతపురం నుంచి వస్తుంటే ఇంజిన్ లైటు వెలిగింది. ఒక షాపులో స్కానరు, అంటే ఈసీఎంలో నమోదైన తప్పుల కోడులు చదివే పరికరం, పెట్టారు. పీ0135 అని కోడు వచ్చింది. ‘ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్’ అని కొత్తది వేసి ఆరు వేలు తీసుకున్నారు. మూడో రోజు మళ్లీ అదే లైటు. ఆ కోడుకు అర్థం సెన్సర్ పోయిందని కాదు, సెన్సర్ లోపలి హీటరు సర్క్యూట్లో తేడా ఉందని. హీటరు కాలినా, ఫ్యూజు పోయినా, వైరు తెగినా అదే కోడు. చివరికి ఒక పెద్దాయన కనెక్టరు ఊడదీసి, కీ ఆన్ చేయించి, వోల్టులు కొలిచే మీటరు పెట్టి చూశాడు. 12 వోల్టులు రావాల్సిన పిన్నులో ఏమీ లేదు. వైరు వెంట వెనక్కి పోతే, ఎలుక కొరికిన చోటు దొరికింది. ఇరవై నిమిషాల పని. స్కానరు మనకు వీధి పేరు చెబుతుంది, ఇంటి నంబరు వెతుక్కోవాల్సింది మీటరుతోనే. మీ వాడు నేర్చుకోవాల్సింది ముందు ఆ వెతుకులాట.

అందుకు మీ బావమరిది షాపు బంగారం లాంటి చోటు. కానీ అక్కడి అలవాట్లు కొన్ని అక్కడే వదిలేయాలి. ఆయన నన్ను తిట్టుకున్నా పరవాలేదు. మొదటిది టెస్ట్ బల్బు. హోల్డరుకు రెండు వైర్లు కట్టిన 21 వాట్ల బల్బు దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. హెడ్‌లైటు వైరుకు అది లెక్క కాదు. సెన్సర్ వైరులో పారేది మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది, అక్కడ ఆ బల్బు పెడితే ఈసీఎం లోపలి డ్రైవరు సర్క్యూటు కాలిపోవచ్చు. రెండోది, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి డైనమో పనిచేస్తోందా అని చూడటం. పాత బండ్లలో చెల్లింది. ఇప్పుడు అలా పీకగానే డైనమో వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి ఎలక్ట్రానిక్సు మీద పడుతుంది. మీటరు పెట్టి చూడండి: బండి ఆగి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ 12.6 చూపుతుంది, ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 దాకా రావాలి. టెర్మినల్ పీకే అవసరమే లేదు. వైరును బాడీకి తాకించి నిప్పురవ్వ చూడటం మూడోది, దాని గురించి చెప్పేదేముంది!

ఇంటర్ మార్కులు తక్కువని మీరు బాధపడుతున్నారు. ఫిజిక్స్ పుస్తకం మాత్రం అమ్మేయనివ్వకండి. కరెంట్ ఎలక్ట్రిసిటీ, సెమీకండక్టర్ చాప్టర్లు మీ వాడికి ఇప్పుడు అన్నం పెట్టేవి. వెయ్యి, పన్నెండు వందల్లో ఒక డిజిటల్ మీటరు కొనివ్వండి. ఒక చెక్క మీద పాత బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చు, రిలే, హెడ్‌లైటు బల్బు బిగించుకోమనండి. 60 వాట్ల బల్బులు రెండు వెలిగితే 120 వాట్లు, 12తో భాగిస్తే 10 ఆంపియర్లు. స్టీరింగ్ పక్కన ఉండే సన్నటి స్విచ్చు అంత కరెంటును ఎక్కువ రోజులు మోయలేదు. అందుకే రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు. దాని 85, 86 కాళ్ల మధ్య కాయిల్ 80 ఓములుంటే స్విచ్చులో పారేది 0.15 ఆంపియరే, అసలు బరువు 30, 87 కాళ్లు మోస్తాయి. ఈ నాలుగు అంకెలు అర్థమైతే హారన్, ఫ్యాను, సెల్ఫు, ఫ్యూయల్ పంపు సర్క్యూట్లు సగం అర్థమైనట్లే. వేలికి ఉంగరం, చేతికి స్టీలు కడియం తీసేసి బ్యాటరీ దగ్గరికి వెళ్లమనండి. స్పానరు రెండు టెర్మినళ్లకూ తగిలితే ఏమవుతుందో మీ బావమరిది చెబుతాడు.

తర్వాత నేర్చుకోవాల్సింది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది, వోల్టేజి డ్రాప్. ఒక ట్రాక్టరు వచ్చింది, హెడ్‌లైటు మసకగా వెలుగుతోంది అనుకోండి. బల్బు మార్చారు, అదే మసక. బ్యాటరీ దగ్గర 12.5 ఉంది, బల్బు రెండు కాళ్ల మధ్య 10.8 మాత్రమే ఉంది. మిగతా 1.7 ఎక్కడ పోయింది? లైటు వెలుగుతుండగానే మీటరు ఒక మొన బ్యాటరీ మైనస్ మీద, రెండోది బల్బు ఎర్త్ వైరు మీద పెట్టాలి. 1.5 చూపిస్తే దొంగ ఎర్త్ వైపే ఉన్నాడు. ఆ వైరు ఛాసిస్‌కు బిగించిన బోల్టు విప్పితే కింద ఎర్రటి తుప్పు, దాని మీద పెయింటు. ఎమరీ పేపరుతో రుద్ది మళ్లీ బిగిస్తే లైటు తెల్లగా వస్తుంది. ఖర్చు ఒక బోల్టు. ఓములలో కొలిస్తే ఈ తప్పు చాలాసార్లు దొరకదు, కరెంటు పారుతున్నప్పుడే బయటపడుతుంది. ఈ ఒక్క పరీక్ష చేయి తిరిగేదాకా మీ వాడిని వేరే దానికి పోనివ్వొద్దని మీ బావమరిదితో చెప్పండి.

సెన్సర్లంటే భయపడక్కర్లేదు. తుక్కులోంచి ఒక ఇంజిన్ టెంపరేచర్ సెన్సర్ తెచ్చి, కాళ్లకు మీటరు తగిలించి, మొనను గ్లాసు వేడినీళ్లలో ముంచమనండి. వేడి పెరిగేకొద్దీ ఓములు పడిపోతుంటాయి, చల్లారేకొద్దీ మళ్లీ పెరుగుతాయి. ఈసీఎం చూసేది కూడా ఆ మార్పునే. ఇక పెట్టెలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైను. 1980లలో బాష్ కంపెనీ తయారుచేసిన పద్ధతి అది, మెలిపెట్టిన రెండు వైర్ల మీద నడుస్తుంది. రెండు కొసల్లో చెరో 120 ఓముల రెసిస్టర్ ఉంటుంది. బ్యాటరీ తీసేసి, స్టీరింగ్ కింద స్కానరు తగిలించే 16 పిన్నుల ఓబీడీ సాకెట్లో 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే చాలా కార్లలో 60 వస్తుంది. 120 వచ్చిందంటే ఒక కొస తెగింది. ప్యారలల్ రెసిస్టర్ల లెక్క ఇంటర్లో ఎందుకు చేయించారో మీ వాడికి అప్పుడు తెలుస్తుంది. స్కానరు కొనుక్కోవాల్సింది ఈ దశలో, అదీ ముందు చవకదే.

ఇక చదువు. షాపులో ఎంత నేర్చుకున్నా చేతిలో కాగితం ఉండాలి, ఆ విషయంలో నేను మొండివాణ్ని. ఈ ఏడాది ఐటీఐలో చేర్చండి. మెకానిక్ ఆటో ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ అనే ట్రేడు ఉంది కానీ అన్ని ఐటీఐల్లో దొరకదు. లేకపోతే రెండేళ్ల మోటార్ వెహికల్ మెకానిక్, అదీ కాకుంటే ఎలక్ట్రీషియన్. మీ దగ్గర్లోని ఐటీఐకి వెళ్లి ట్రేడుల లిస్టు చూసి, కేంద్రం గుర్తించిన నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ (జనం ఎన్సీవీటీ అంటారు) వచ్చేదేనా అని అడిగి మరీ చేరండి. పాసయ్యాక ఏడాది అప్రెంటిస్‌షిప్ చేయించండి. ఆర్టీసీ మన జిల్లాల వాళ్లను కూడా అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది. ఉద్యోగం ఇస్తామనే హామీ ఉండదు. కానీ డిపోలో 24 వోల్టుల బండ్లు రోజూ చేతిలో పడతాయి, ఆ అనుభవం డబ్బిచ్చినా రాదు.

2019లో పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ తెరిచినప్పటి నుంచి మన వైపు తల్లిదండ్రులందరూ అడిగేది ‘అక్కడ వస్తుందా సార్’ అనే. వస్తే మంచిదే, వెళ్లనివ్వండి. లైన్ మీద చేసే పని వేరని మాత్రం ముందే తెలియాలి. షిఫ్టంతా ఒకే చోట నిలబడి ఒకే హార్నెస్ (వైర్ల కట్ట) బిగించడంతో సరిపోతుంది. తప్పు వెతకడం మీద ఇష్టమున్న పిల్లాడికి అది తొందరగానే విసుగొస్తుంది. అలాంటివాడికి సర్వీస్ సెంటర్ నయం. ఎలక్ట్రిక్ బండ్ల ట్రేడు కూడా కొన్ని ఐటీఐల్లో వచ్చింది. కారులో నారింజ రంగు కేబుల్ కనిపిస్తే మాత్రం ట్రైనింగ్ లేకుండా ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. అందులో ఉండేది వందల వోల్టులు, 12 కాదు.

బీటెక్ చెడ్డదని నేననను. ఇష్టం లేని పిల్లాణ్ని అప్పు చేసి నాలుగేళ్లు కూర్చోబెట్టడం మీకు టెన్షన్, వాడికి టెన్షన్. ఐటీఐ తర్వాత డిప్లొమాకు దారి ఉంది, డిప్లొమా నుంచి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఆ కోరిక వాడికే పుట్టనివ్వండి.

మీటరు కొన్న మరుసటి ఆదివారం మీ లారీ మీదే మొదలుపెట్టమనండి. రెండు బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి కాబట్టి పొద్దున్నే బండి స్టార్ట్ చేయకముందు ఒక్కోదాన్నీ విడివిడిగా కొలవాలి. ఒకటి 12.6, ఇంకొకటి 12.1 వచ్చిందంటే ఆ రెండోదే నీరసంగా ఉన్నట్లు. తర్వాత మీరు సెల్ఫు కొట్టండి. అప్పుడు ఇంజిన్ బ్లాకుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య ఎంత వస్తుందో వాడు చూడాలి. అర వోల్టు దాటితే ఎర్త్ కేబుల్ విప్పి చూడాల్సిందే. ఆ అంకెలు, ఐటీఐ వాళ్లిచ్చిన ట్రేడుల లిస్టు, రెండూ కలిపి నాకు పంపించండి. ఎక్కడ చేర్చాలో అప్పుడు కూర్చుని చూద్దాం.