సింధూ, ట్యాంకు సగానికి దిగనివ్వకు

చి. సింధూకి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నీకు కాన్సస్‌లో డాక్టరు ఉద్యోగం ఖాయమైందని, జులైలో చేరుతున్నావని. గ్రీలీ కౌంటీ, ఊరు ట్రిబ్యూన్ అనగానే కుర్చీలో కూలబడ్డాను. నేను మూడేళ్ళు పనిచేసిన ఊరు అక్కడికి గంట ప్రయాణం. మన ఇంటి పిల్ల మళ్ళీ ఆ నేల మీదికే, ఆ పని మీదే వెళ్తోందంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. మూడింటికి లేచి ఇది రాస్తున్నాను.

వీసా వేవర్, అదే రెండేళ్ళు ఇంటికి వెళ్ళాలన్న షరతు నుంచి మినహాయింపు, ఆ కాగితాల సంగతి నేను చెప్పక్కర్లేదు. డాక్టర్లు తక్కువున్న ఊళ్ళో మూడేళ్ళు పనిచేస్తే ఆ మినహాయింపు ఇచ్చే పథకం 1994లో సెనేటర్ కాన్రాడ్ పేరు మీద రాకపోయి ఉంటే నేనూ రెసిడెన్సీ అవగానే రెండేళ్ళు ఇంటికి వచ్చేయాల్సినదాన్నే. లాయరు చెప్పినట్టు చెయ్యి. ప్రతి కాగితం రెండు కాపీలు దాచుకో.

ఆ కౌంటీ ఎంత ఖాళీగా ఉంటుందో నువ్వు డాలస్‌లో కూర్చుని ఊహించలేవు. 778 చదరపు మైళ్ళు. 2020 లెక్కల్లో 1,284 మంది. కాన్సస్‌లో ఉన్న 105 కౌంటీల్లో అన్నిటికంటే తక్కువ. కోటప్పకొండ తిరునాళ్ళలో ఒక్క ప్రభ చుట్టూ చేరే జనం అంతకంటే ఎక్కువ ఉంటారు. రోడ్లు చదరంగం గళ్ళలా మైలుకొకటి, ఒక్కో గడి 640 ఎకరాలు. 1862లో హోమ్‌స్టెడ్ చట్టం ఒక్కో కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చింది. వాన తక్కువ నేల మీద అది చాలలేదు. ఇప్పుడు ఒక్కొక్కరు వేల ఎకరాలు చేస్తున్నారు. పొలం పెరిగేకొద్దీ ఇళ్ళు తగ్గిపోయాయి. పాడుబడిన ఇల్లు, పక్కనే ఎండిపోయిన నాలుగు చెట్లు, అలాంటివి దారి పొడుగునా కనిపిస్తాయి. మొదట్లో వాటిని చూస్తే నాకు ఏడుపొచ్చేది.

గోధుమ సెప్టెంబరులో వేస్తారు. మంచు కింద పడుకుని, వసంతంలో లేచి, జూన్ చివర్లో కోతకొస్తుంది. కోత రోజుల్లో క్లినిక్ ఖాళీ. నొప్పులన్నీ జులైకి వాయిదా పడతాయి. అందుకే చెప్తున్నాను, కోతలో ఉన్న రైతు ఎవరూ లాక్కురాకుండా తనంతట తాను వచ్చి "కాస్త అరగనట్టుంది" అన్నాడంటే ముందు ఈసీజీ తియ్యి. వాళ్ళ భాషలో "కాస్త" అంటే ఏమిటో నాకు తెలియడానికి ఏడాది పట్టింది. అమోనియా ఎరువు కంట్లో పడి వస్తే మరో మాట లేకుండా నీళ్ళు, పావుగంటకి తక్కువ కాకుండా కడుగుతూనే ఉండు. ధాన్యం బిన్నులో, అంటే ధాన్యం నిలవచేసే పెద్ద గాదెలో, మనిషి కూరుకుపోతే ఏమవుతుందో ముందే చదువుకో. అక్కడ అది జరుగుతుంది.

పొలం ఎలా ఉందని అడుగు. బీపీ చూస్తూ అడుగు. భూమి కింద ఒగలాలా అని పెద్ద నీటి పొర ఉంది, దాన్ని తోడి తోడి పశ్చిమ కాన్సస్‌లో చాలాచోట్ల బాగా దించేశారు. బోరు ఎండిన రైతు ముఖం ఎలా ఉంటుందో పల్నాటి వాళ్ళం మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడా అదే ముఖం. వాళ్ళు నోరు విప్పి చెప్పరు. నువ్వే అడగాలి. అడిగి, తొందరపడకుండా కూర్చోవాలి.

ఇక అసలు సంగతి. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

1997 జనవరి, నా మొదటి చలికాలం. సంక్రాంతికి ముందు ఆదివారం. మీ పెదనాన్న అప్పుడు డెట్రాయిట్‌లో ఉద్యోగం. నేను ఒక్కదాన్నే. గోడ మీద క్యాలెండరు పెట్టుకుని మూడేళ్ళలో ఎన్ని రోజులు అయ్యాయో రోజుకో గీత కొట్టేదాన్ని. హాస్పిటల్‌లో అందరితో నవ్వుతూ మాట్లాడేదాన్ని గానీ ఎవరింటికీ వెళ్ళలేదు, ఎవరినీ పిలవలేదు. వెళ్ళిపోయే ఊరే కదా, ఎందుకులే అనుకున్నాను.

ఆ రోజు పొద్దున్న ఎండ కాసింది. పొంగలి చేసుకోవాలనిపించింది. గార్డెన్ సిటీలో మాంసం ఫ్యాక్టరీల్లో పనికి వచ్చిన వియత్నాం వాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ కొట్లో బియ్యం, పెసరపప్పు, పచ్చిమిరపకాయలు దొరికేవి. ఎండ చూసి పల్చటి కోటు, మామూలు బూట్లు వేసుకుని వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పటికి గాలి మొదలైంది. కొత్తగా మంచు పడలేదు సింధూ, అది గుర్తుపెట్టుకో. తలెత్తితే ఆకాశం నీలంగానే ఉంది. నేల మీద పడి ఉన్న మంచునే గాలి లేపి అడ్డంగా తోస్తోంది. బానెట్ కనపడటం మానేసింది. ముందే దగ్గర దారి అని ఒక మట్టి రోడ్డులోకి తిప్పాను. కారు పక్క గుంటలోకి దిగి మంచులో కూరుకుపోయింది. పెట్రోలు ముల్లు కింది గీత దగ్గర ఉంది.

సాయంత్రం పడుతోంది. గాలి కాస్త సన్నగిల్లినప్పుడు ఒక దీపం కనిపించింది, ఏదో ఇంటి ముందు స్తంభానికి పెట్టిన లైటు. మన వీధి చివర ఉన్నట్టుంది. కారు దిగాను.

అదే నేను చేసిన తప్పు. ఆ నేల మీద అడ్డం ఏమీ లేదు కాబట్టి రెండు మైళ్ళ దూరంలోని దీపం కూడా పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది. యాభై అడుగులు వేశానో లేదో దీపం పోయింది. వెనక్కి తిరిగితే కారూ లేదు. తెలుపు తప్ప ఏమీ లేదు. అరిచాను, నా అరుపు నాకే వినపడలేదు. ఎటు నడిచానో తెలియదు, ముళ్ళకంచె మీద పడ్డాను. చెయ్యి చీరుకుపోయింది. ఆ కంచె తగలకపోతే ఈ ఉత్తరం ఉండేది కాదు. తీగ పట్టుకుని నడిచాను. గ్లవుజు ఒకటి ముళ్ళకి చిక్కి ఊడిపోయింది, వంగి తీసుకునే ధైర్యం లేదు. ఎంతసేపు నడిచానో చెప్పలేను. కంచె ఒక గేటు దగ్గర ఆగింది. అక్కడ ఒక ముసలాయన పికప్ ట్రక్కులోంచి గొడ్లకి గడ్డి దించుతున్నాడు.

వాళ్ళింట్లో ఆయన భార్య నా చేతులు గోరువెచ్చని నీళ్ళల్లో పెట్టింది. నేను వేడినీళ్ళు కావాలని ఏడుస్తుంటే చిన్నపిల్లని కసిరినట్టు కసిరింది. డాక్టర్ని నేను, వైద్యం తెలిసింది ఆవిడకి. ముసలాయన ఫోను చేతిలోకి తీసుకుని, "నీ కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు? ఎవరికి చెప్పాలి?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. మీ పెదనాన్న నేను డ్యూటీలో ఉన్నాననుకుంటాడు. హాస్పిటల్ వాళ్ళు నేను ఇంట్లో ఉన్నాననుకుంటారు. ఆ కంచె పక్కన పడిపోయి ఉంటే సోమవారం మధ్యాహ్నం దాకా నన్ను వెతికేవాళ్ళే లేరు. వేళ్ళు తిమ్మిరి వదిలి నిప్పుల్లా మండుతున్నా నాకు ఆ ప్రశ్నే ఎక్కువ నొప్పి పెట్టింది.

కుడిచేతి చూపుడువేలి కొసకి ఇప్పటికీ స్పర్శ లేదు. ముగ్గు వేసేటప్పుడు పిండి జారుతోందో లేదో కళ్ళతో చూసుకోవాలి. నువ్వు చిన్నప్పుడు "పెద్దమ్మా, నీ ముగ్గు వంకర" అని నవ్వేదానివి. నేనూ నవ్వి ఊరుకునేదాన్ని.

అందుకని, విను. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ట్యాంకు సగానికి దిగనివ్వకు. డిక్కీలో దుప్పట్లు, పార, నీళ్ళు, తినడానికి ఏదైనా, టార్చి, మంచి బూట్లు ఎప్పుడూ ఉండాలి. బయల్దేరే ముందు రాష్ట్రం వాళ్ళ కాన్‌డ్రైవ్ వెబ్‌సైట్‌లో రోడ్డు ఎలా ఉందో చూడు. కూరుకుపోతే కారు దిగి నడవకు. సైలెన్సరు గొట్టం చుట్టూ మంచు తీసి, గంటకి పది నిమిషాలు ఇంజన్ వేసి, కిటికీ ఒక వేలంత దించి, కూర్చో. దీపం కనిపించినా కూర్చో. సెల్‌ఫోన్ ఉంది కదా అనకు, అక్కడ సిగ్నల్ లేని మైళ్ళు చాలా ఉంటాయి. ఎక్కడికి వెళ్తున్నావో, ఏ దారిన వెళ్తున్నావో ఎవరో ఒకరికి చెప్పి కదులు. అలా చెప్పడానికి ఒకరు ఉండాలంటే ముందు వాళ్ళింట్లో భోజనం చేసి ఉండాలి. చర్చి భోజనాలకి పిలుస్తారు, వెళ్ళు. నీ పులిహోర పట్టుకెళ్ళు. రోడ్డు మీద ఎదురొచ్చే ప్రతి ట్రక్కువాడూ స్టీరింగు మీద నుంచి ఒక వేలు లేపుతాడు, నువ్వూ లేపు. నీ కారు ఏదో వాళ్ళకి తెలియాలి.

కోప్పడుతున్నాననుకోకు తల్లీ. భయం.

మంచివీ చెప్తాను. ఆగస్టు చివర్లో కారు ఆపి పొలాల వైపు చూడు, ఎర్రటి కంకులు. జొన్న! వాళ్ళు మైలో అంటారు. అమెరికాలో జొన్న ఎక్కువ పండేది కాన్సస్‌లోనే, వాళ్ళు దాన్ని గొడ్లకి పెడతారు, ఇథనాల్ చేస్తారు. మా నాయనమ్మ జొన్నన్నం పెట్టి పెంచిన పిల్లని, ఆ చేను చూసి గట్టు మీద నిలబడి ఏడ్చాను. ముసలాయన ఒక బకెట్ నిండా ఇస్తే మిక్సీలో పట్టి రొట్టెలు చేశాను. వాళ్ళిద్దరూ వెన్న రాసుకుని తిన్నారు. విత్తనం సంచిలోవి మాత్రం ముట్టుకోకు, మందు పట్టించి ఉంటాయి.

1935 ఏప్రిల్ 14న వచ్చిన నల్ల దుమ్ము తుఫాను ముసలాయన భార్య చిన్నపిల్లగా చూసింది. వాళ్ళమ్మ తడి దుప్పట్లు కిటికీలకి కట్టిందట. ఆ కథ ఆవిడే నాకు చెప్పింది.

ఆ ఆదివారం తర్వాత నేను ఊరు వదిలేదాకా ప్రతి సాయంత్రం ఏడింటికి ఆవిడ ఫోన్ చేసేది. "ఇంట్లోనే ఉన్నావా?" అంతే. పెట్టేసేది. క్యాలెండరు మీద గీతలు ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

మీ కౌంటీది మౌంటెన్ టైము. పక్కనే ఉన్న లియోటీకి వెళ్తే గంట ముందుకి జరుగుతుంది, పేషెంట్ల అపాయింట్‌మెంట్లు చూసి రాయి. మీకు సాయంత్రం ఏడంటే నాకు గుంటూరులో వేసవిలో పొద్దున్న ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. కాఫీ కలుపుకుని ఫోను దగ్గర కూర్చుని ఉంటాను. మాట్లాడే తీరిక లేకపోతే రెండు రింగులిచ్చి పెట్టేయ్.

ప్రేమతో,
పెద్దమ్మ