క్రాసింగ్‌కు ముందు వంశవృక్షం చదువు

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. మీ లాబ్రడార్‌కు క్రాసింగ్ చేయిస్తున్నావని, మగకుక్క కూడా కుదిరిందని రాశావు. ఛాంపియన్ కొడుకు, కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లున్నాయి, తల చక్కగా ఉంటుంది అని మురిసిపోయావు. నువ్వు పంపిన రెండు వంశవృక్షాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. తల్లులు వేరు గానీ తండ్రి పేరు రెండింటిలోనూ ఒక్కటే. ఈ జత వద్దు.

ఒకే తండ్రి బిడ్డలను కలిపితే, పుట్టే పిల్లల్లో ఏ జన్యువును తీసుకున్నా దాని రెండు ప్రతులూ ఆ ఒక్క కుక్కలోని ఒకే ప్రతి నుంచి దిగివచ్చే అవకాశం 12.5 శాతం. ఆ ప్రతిలో లోపం దాగి ఉంటే, రెండూ అవే కాబట్టి జబ్బు బయటపడుతుంది. మనలో అక్క కూతుర్ని చేసుకున్నవాళ్ళ పిల్లలకూ లెక్క ఇదే. మేనత్త కూతుర్ని చేసుకుంటే 6.25. పసిబిడ్డకు జబ్బు చేస్తే డాక్టరు ముందుగా "మేనరికమా?" అని అడిగేది ఇందుకే. పైగా కుక్కల్లో వెనక తరాల్లోనూ అవే పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి కాబట్టి అసలు అంకె ఇంకా ఎక్కువే ఉంటుంది. మూడు తరాల పేపరు చూసి ఊరుకోకు, కనీసం ఐదు తరాలు అడుగు.

దీన్నే లైన్ బ్రీడింగ్ అని గొప్పగా చెప్పేవాళ్ళు నీకు ఎదురవుతారు. వాళ్ళు చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. దగ్గరి రక్తం కలిపితే పిల్లలన్నీ ఒకే పోలికలో వస్తాయి, తల, వెంట్రుక, నిలబడే తీరు స్థిరపడతాయి. అయితే అందం స్థిరపడే దారిలోనే దాగి ఉన్న జబ్బూ స్థిరపడుతుంది. ఈతకు పిల్లలు తగ్గుతాయి, పుట్టిన వారంలోనే కొన్ని పోతాయి. దానికి వాతావరణాన్నో పాలనో నిందిస్తారు.

లాబ్రడార్లో నువ్వు ముఖ్యంగా చూడవలసినవి మూడు. ఒకటి పీఆర్ఏ, కంటి రెటీనా క్షీణించే జబ్బు. మొదట చీకట్లో మెట్లు దిగడానికి తడబడుతుంది, తర్వాత చూపు పూర్తిగా పోతుంది. ఇది బయటపడేది వయసు వచ్చాక, అప్పటికే ఆ మగకుక్క ఎన్నో ఈతలకు తండ్రి అయి ఉంటుంది. రెండోది ఈఐసీ. బంతి కోసం పది నిమిషాలు గట్టిగా పరుగెత్తిన కుక్క వెనక కాళ్ళు ఉన్నట్టుండి సడలిపోయి కూలబడుతుంది. మన ఎండల్లో అలాంటి కుక్కకు ప్రాణం మీదికి వస్తుంది. ఈ రెండింటికీ డీఎన్ఏ పరీక్ష ఉంది, చెంప లోపల దూదిపుల్ల రుద్ది పంపితే చాలు.

మూడోది తుంటి కీలు, హిప్ డిస్‌ప్లేసియా. ఇది ఒక్క జన్యువుతో వచ్చేది కాదు కాబట్టి డీఎన్ఏ పరీక్షతో తేలదు. మత్తిచ్చి వెనక కాళ్ళు చాచి ఎక్స్‌రే తీయాలి. తొడ ఎముక గుండు గిన్నెలాంటి గుంటలో నిండుగా కూర్చుందా, అంచున వేలాడుతోందా అన్నది అందులో స్పష్టంగా తెలుస్తుంది. కుక్కకు రెండేళ్ళు నిండాక తీసిన ఎక్స్‌రేనే అమెరికాలో కుక్కల కీళ్ళకు సర్టిఫికెట్లిచ్చే సంస్థ ఓఎఫ్ఏ తుది సర్టిఫికెట్‌కు ఒప్పుకుంటుంది. మీది కూడా అంతవరకు ఆగాలి. నడక బాగానే ఉంది కదా అనకు, కీలు చెడి ఉన్నా చాలా కుక్కలు చిన్న వయసులో మామూలుగానే నడుస్తాయి.

పరీక్షలో మీ కుక్క పీఆర్ఏకి క్యారియర్ అని, అంటే రెండు ప్రతుల్లో ఒక్కటే చెడ్డదని వస్తే బెంబేలు పడకు. క్యారియర్‌కు జబ్బు రాదు. దాన్ని క్లియర్ అని, అంటే రెండు ప్రతులూ మంచివేనని తేలిన మగకుక్కతో కలిపితే పిల్లల్లో ఒక్కదానికీ ఆ జబ్బు రాదు, ఇంచుమించు సగం క్యారియర్లవుతాయి, అంతే. రెండు క్యారియర్లను కలిపితేనే ఒక్కో పిల్లకూ నాలుగింట ఒక వంతు గండం. క్యారియర్లన్నింటినీ వంశం నుంచి తోసేస్తే వాటితోపాటు మంచి జన్యువులూ పోతాయి.

అలా పోతే ఏమవుతుందో డాల్మేషియన్లను చూడు. శరీరంలో యూరిక్ ఆమ్లాన్ని అదుపులో ఉంచే మామూలు జన్యువు ఆ జాతిలో బొత్తిగా లేకుండా పోయింది. అందుకే వాటికి మూత్రంలో రాళ్ళు పడే ముప్పు ఎక్కువ, రాళ్ళు అడ్డుపడితే మగవాటికి మూత్రం దారి మూసుకుపోతుంది. జాతిలో లేని జన్యువును ఎంత ఏరి కలిపినా తేలేరు కదా. 1973లో అమెరికాలో రాబర్ట్ షైబుల్ అనే శాస్త్రవేత్త ఒక్కసారి పాయింటర్ అనే వేరే జాతి కుక్కతో క్రాస్ చేసి, ఆ తర్వాత తరతరాలుగా డాల్మేషియన్లతోనే కలుపుతూ ఆ జన్యువును వెనక్కి తెచ్చారు. రక్తం కల్తీ అయిందని పెంపకందార్లే అడ్డుపడ్డారు. చూడటానికి అచ్చం డాల్మేషియన్లైన ఆ వంశాన్ని అమెరికన్ కెన్నెల్ క్లబ్ 2011లో గానీ పూర్తిగా అంగీకరించలేదు. రక్తశుద్ధి అనే మాట కోసం మూగజీవాలను అన్నేళ్ళు బాధపెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక మగకుక్క సంగతి. ఊరంతా వెంటపడే ఛాంపియన్ వద్దు. ఒక్క మగకుక్క పదుల ఈతలకు తండ్రైతే, రేపు నీ కుక్కపిల్లలకు జత వెదికేవాడికి ఎటు చూసినా అదే తండ్రి దొరుకుతాడు. పతకాలు లేకపోయినా ఫరవాలేదు, వేరే కెన్నెల్‌లో పుట్టి, వయసు మళ్ళినా చూపూ నడకా బాగున్న తల్లిదండ్రుల బిడ్డను చూడు. యజమానిని పతకాల గురించి కాక తోబుట్టువుల ఆరోగ్యం గురించి అడుగు. పరీక్షల కాగితాలు చూపించనంటే అక్కడినుంచి వచ్చేయ్.

ఈ ఎద పోనివ్వు. దూదిపుల్లలు ఈ వారమే పంపించు, రెండేళ్ళు నిండగానే ఎక్స్‌రే తీయించు. కొత్త మగకుక్క దొరికాక దాని ఐదు తరాల కాగితం ఫోటో తీసి నాకు పంపు, ఆ యజమానికి మాట ఇవ్వకముందే.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య