లంక గ్రామాల సహాయ బృందంలో ఎవరుండాలి?

ప్రశ్న: అమలాపురం కేంద్రంగా లంక గ్రామాల్లో వరద సహాయం చేసే అంతర్జాతీయ సంస్థలో సిబ్బంది వ్యవహారాలు చూస్తున్నాను. మా క్షేత్ర బృందంలో మహిళలు, దళితులు, వికలాంగులు దాదాపు లేరు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: నియామక ప్రకటనతోనే మొదలుపెట్టండి. పడవలో ఏరు దాటి, ఏటిగట్టు వెంట నడిచి ఇంటింటి వివరాలు సేకరించే పనికి ధారాళమైన ఇంగ్లీషు, మోటారు సైకిలు లైసెన్సు తప్పనిసరి అని రాస్తే, ప్రతి రేవునూ ఎరిగిన లంక యువతులు దరఖాస్తు దశలోనే తప్పుకుంటారు. ఆ నష్టం చివరికి వరద బాధితులదే. పునరావాస కేంద్రంలోని బాలింత తన అవసరాలను మగ ఉద్యోగికి చెప్పుకోవడానికి వెనుకాడుతుంది. పనికి నిజంగా కావలసిన అర్హతలే అడిగి, ప్రకటనను స్వయం సహాయక సంఘాలకూ దళితవాడలకూ తెలుగులో చేర్చండి.

పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం, సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతున్నాయి. ఇవి కనీస బాధ్యతలు. నా దృష్టిలో అసలు లోపం నిర్వహణలో ఉంటుంది: జూలై, ఆగస్టు వరదలకు స్థానికులను తీసుకుని, నీరు తీయగానే పంపివేసి, నిర్ణయాలన్నీ బయటి అధికారులకే వదిలితే ఆ బృందంలో ఎవరూ నిలవరు. అందుచేత స్థానిక సిబ్బందికి ఏడాది పొడవునా ఒప్పందం, బీమా, పర్యవేక్షకులుగా ఎదిగే మార్గం కల్పించాలని మీ ప్రధాన కార్యాలయాన్ని రాతపూర్వకంగా కోరండి.