ఇంటి పన్ను పెరిగినా బడికి డబ్బు చాలదా?

ప్రశ్న: మేం వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఉంటున్నాం. ఇంటి పన్ను పెరిగినా బడులకు నిధులు చాలవంటారేం? ఎవరిని అడగాలి? బడి పనితీరు ఎలా చూడాలి?

జవాబు: వర్జీనియాలో స్కూల్ బోర్డుకు పన్ను వేసే అధికారం లేదు. ఫెయిర్‌ఫాక్స్‌లో ఎన్నికైన 12 మంది సభ్యుల బోర్డు సూపరింటెండెంట్‌ను (కౌంటీ బడులన్నిటి ప్రధాన అధికారిని) నియమిస్తుంది, డబ్బు ఎలా ఖర్చు చేయాలో తేలుస్తుంది. పన్ను రేటు, బడులకిచ్చే మొత్తం మాత్రం కౌంటీని పాలించే, ఎన్నికైన సూపర్‌వైజర్ల చేతిలో ఉంటాయి. చాలామంది తప్పు గుమ్మం తట్టేది ఇక్కడే.

బడుల ఖర్చులో రాష్ట్రం వాటాను తేల్చేది లోకల్ కాంపోజిట్ ఇండెక్స్, అంటే కౌంటీకి ఎంత భరించే స్తోమత ఉందో కొలిచే సూచిక. అందులో ఆస్తుల విలువకు 50 శాతం, ఆదాయానికి 40, అమ్మకాలకు 10 శాతం వెయిటేజీ. ఇళ్ల ధరలు పెరిగితే కౌంటీ సంపన్నమైందని లెక్కగట్టి రాష్ట్రం తన వాటా తగ్గించవచ్చు. మీరు కట్టే అదనపు పన్నులో కొంత ఆ లోటు పూడ్చడానికే పోతుంది.

ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. సూపరింటెండెంట్ బడ్జెట్ ప్రతిపాదన జనవరిలో వస్తుంది, బోర్డు తుది ఆమోదం మే నెలలో. మే దాకా ఆగితే ఆలస్యమే. వసంతకాలంలో సూపర్‌వైజర్లు జరిపే బహిరంగ విచారణలో పేరు నమోదు చేయించుకుని మాట్లాడండి.

పనితీరుకు రాష్ట్ర విద్యాశాఖ వారి స్కూల్ క్వాలిటీ ప్రొఫైల్స్ చూడండి. ఎస్‌ఓఎల్ (స్టాండర్డ్స్ ఆఫ్ లెర్నింగ్) అనే రాష్ట్ర పరీక్షల్లో మొత్తం ఉత్తీర్ణత శాతం ఒక్కటే నమ్మవద్దు. ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలు, వైకల్యమున్న పిల్లల ఫలితాలు విడిగా చూడండి. హాజరూ ముఖ్యమే: 180 రోజుల్లో 18 రోజులు మానేస్తే దీర్ఘకాలిక గైర్హాజరు కింద లెక్క.