కార్డు మీద కన్సల్టెంటే... చేసే పని ఏంటి?

ప్రశ్న: ఈసీఈలో బీటెక్ చేశాను. రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఓ ఐటీ కంపెనీలో టెస్టింగ్ చేస్తున్నాను. మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్‌లోకి వెళ్లాలని ఉంది. ఒక పెద్ద కన్సల్టింగ్ సంస్థ ఇక్కడి ఆఫీసులోనే ‘కన్సల్టెంట్’ ఉద్యోగం ఇస్తామంటోంది. చేరమంటారా, ఎంబీఏకి వెళ్లమంటారా?

జవాబు: సంతకం పెట్టే ముందు మీ కాబోయే మేనేజర్‌కి ఫోన్ చేసి, ‘నేను వెళ్లేది ఏ టీమ్‌లోకి? మొదటి ఆర్నెల్లు నా చేత ఏం చేయిస్తారు?’ అని అడగండి. హైదరాబాద్‌లోని ఇలాంటి పెద్ద ఆఫీసుల్లో చాలామంది చేసేది శాప్, సేల్స్‌ఫోర్స్ లాంటి సాఫ్ట్‌వేర్ల అమలు, టెస్టింగ్, అమెరికా ఆడిట్ల పని. తక్కువ పనని కాదు, మీరు కోరుకుంటున్నది అది కాదంతే. ‘ఈ ప్లాంటు నడపాలా, మూసేయాలా’ అని కంపెనీ పెద్దలు తలపట్టుకుంటే లెక్కలు తేల్చి చెప్పేది మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్. ఫోన్‌లో మళ్లీ ‘టెస్టింగ్’ అని వినబడితే, జీతం కోసం చేరండి తప్ప అదే దారి అనుకోవద్దు. ‘లోపలికి వచ్చాక టీమ్ మారొచ్చు’ అనే హెచ్‌ఆర్ మాట కాగితం మీద ఉండదు.

ఈ రంగంలో పేరున్న మెకిన్సీ, బీసీజీ, బెయిన్ సంస్థలు మన దేశంలో ఎక్కువగా పాత ఐఐఎంలు, ఐఎస్‌బీ, ఐఐటీల క్యాంపస్‌ల నుంచే తీసుకుంటాయి. టెస్టింగ్ నుంచి నేరుగా దూకడం అరుదు. కాబట్టి ఎంబీఏ మాట కొట్టిపారేయలేం. గచ్చిబౌలి ఐఎస్‌బీలో ఏడాది కోర్సుకి రెండేళ్ల అనుభవం చాలు. అయితే ఖర్చు 40 లక్షలకు పైమాటే. అంత అప్పు చేసేముందు ఇంకో ఏడాది ఆగి, రెజ్యూమెలో ‘టెస్ట్ కేసులు రాశాను’ అన్న వాక్యం తీసేయగలిగే పని ఒకటి చేయండి. ఎంబీఏ ప్రవేశ పరీక్షల్లో జీమ్యాట్ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది కాబట్టి ఆ పరీక్ష ఇప్పుడే రాసేయొచ్చు. క్యాట్ స్కోరుకి ఆ వెసులుబాటు లేదు.

ఇక కేస్ ఇంటర్వ్యూ, అంటే ఒక వ్యాపార సమస్య ఇచ్చి మీరు దాన్ని ఎలా తేలుస్తారో చూసే ఇంటర్వ్యూ. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మీ ఆఫీసు కింది టీ కొట్టునే తీసుకోండి. గల్లాపెట్టెలో డబ్బు పెరిగింది, మిగిలేది తగ్గింది. ఎందుకు? ‘పాల ధర పెరిగి ఉంటుంది సార్’ అని ఠక్కున చెప్పేస్తారు. ఎంసెట్ కోచింగ్ అలవాటు అది: జవాబు దొరికితే చాలు, దారితో పనిలేదు. ఇంటర్వ్యూ చేసేవారికి కావలసింది ఆ దారే. ముందు రాబడిని టీ, బిస్కెట్లు, సిగరెట్లుగా విడదీయండి. ఖర్చుని పాలు, గ్యాస్, అద్దె, కుర్రాడి జీతంగా. ఏది మారిందో ఒక్కొక్కటే అడగండి. టీ తగ్గి సిగరెట్లు పెరిగాయని తేలొచ్చు. సిగరెట్ మీద మిగిలేది చాలా తక్కువ. దీన్ని మనసులో కాదు, పైకి మాట్లాడుతూ, స్నేహితురాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వారానికి మూడుసార్లు చేయండి.

ఇంట్లో కూడా ఒక మాట చెప్పి ఉంచండి: ఈ ఉద్యోగంలో సోమవారం తెల్లవారుజామున విమానం ఎక్కి, గురువారం రాత్రికి ఇల్లు చేరే వారాలు చాలా ఉంటాయి. ఆఫర్‌కి గడువు ఉంటుంది కాబట్టి ఆ ఫోన్ మాత్రం రేపే చేయండి.